మందు కలిసిన వాగు

మా అక్కకు మొదటి ఇద్దరు పిల్లలు దక్కలేదు. ఒకడు పురిట్లోనే పోయాడు. ఇంకొకడు పాకే వయసులో విరేచనాలు పట్టి పోయాడు. మూడోసారి ఆడపిల్ల పుట్టినప్పుడు, ఇదన్నా నిలవాలని మా అమ్మ దాన్ని పుట్టిన మర్నాడే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామె చేత చాటలోకి ఎత్తించి, గుప్పెడు తవుడు ఇచ్చి మళ్ళీ కొనుక్కుంది. పారేసిన పిల్ల మీద చావు కన్ను పడదని మా వైపు నమ్మకం. సంగారెడ్డి బజారులో తరాలుగా వ్యాపారం చేస్తున్న ఇల్లు మాది. బేరం కుదిరితే చావు కూడా మాట మీద నిలబడుతుందని మా అమ్మ అనుకుని ఉంటుంది.

ఐదో నెలలో అక్క పిల్లను తీసుకొని అత్తగారి ఊరికి బయల్దేరినప్పుడు నన్ను తోడు పంపారు. బావకు తల్లి లేదు, ఇంట్లో మరో ఆడదిక్కు లేదు. నేను మెట్రిక్ తప్పి, మళ్ళీ కడతానని అబద్ధాలు చెబుతూ ఇంట్లో ఖాళీగా ఉన్నాను. బస్సెక్కేటప్పుడు మా అమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

"పిల్లను కండ్లల్ల పెట్టుకొని సూస్కో. గది పోతే మీ అక్క సుత పోతది. ఒక్క పానం కాదు, రెండు పానాలు నీ చేతుల పెడ్తున్న" అంది.

అక్క అత్తగారి ఊరు పటాన్‌చెరు దాటి లోపలికి, వాగు ఒడ్డున ఉంది. డెబ్బైల్లో సంగతి. మెట్ట చెల్కల్లో గోడలు లేచి, గోడల వెనక గొట్టాలు లేచి, జొన్నచేను అమ్ముకున్న రైతే ఆ చేను మీద కట్టిన ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాస్తున్న రోజులు. బావకు ఊరి నడుమ చిన్న కిరాణా దుకాణం ఉండేది. ఉప్పూ పప్పూ అందరూ అమ్ముతారు. బావ దుకాణానికి పేరొచ్చింది మందు సంచుల వల్ల.

మందు సంచి అంటే చెప్పాలి. ప్లాస్టిక్ అనే మాట అప్పటికి మా నోళ్ళలోకి రాలేదు, మేము 'మైక' అనేవాళ్ళం. ఊరికి ఎగువన మందుల ఫ్యాక్టరీ ఒకటి వచ్చింది. దానికి పెద్ద అట్ట డబ్బాల్లో ఏవో పొడులు వచ్చేవి. డబ్బా లోపల మందపాటి మైక సంచి, దానికి అంటుకొని తెల్లటి పొడి. ఖాళీ సంచుల్ని తుక్కు కింద బయటికి పంపేస్తే బావ పట్టుకొచ్చి, వాగులో కడిగించి, తుమ్మకంపల మీద ఆరబెట్టించి అమ్మేవాడు. చిరిగినవి కడిగేవాళ్ళు అక్కడే వదిలేసేవారు. అవి వాగు వెంబడి పోయేవి. ఎక్కడికి పోతాయని ఎవరం అడగలేదు. పోయేదాన్ని ఎక్కడికి పోతున్నావని అడగడం మంచిది కాదు కూడా.

వానాకాలం గొంగడికి బదులు మందు సంచిని తల మీద కొప్పెరలా మడిచి కప్పుకునేవారు. కందులు పురుగు పట్టకుండా అందులో పోసి కట్టేవారు. అది మందుల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కదా, అందులో ఏది పెట్టినా చెడదని నమ్మకం. మా అక్క పిల్ల ఉయ్యాలలో కూడా బొంత కింద మందు సంచే. తడి దిగదు, రోగం ఎక్కదు అని అక్క దాన్ని మడిచి నున్నగా సర్దుతుంటే నేను రెండోవైపు పట్టుకున్నాను.

ఇగ వాగు. ఆ ఊళ్ళో బావులన్నీ ఉప్పు నీళ్ళు. వాగు ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో ముంచి బిందెలు నింపుకునేవారు. ఫ్యాక్టరీ వచ్చాక ఆ నీళ్ళు ఇటుక కడిగిన నీళ్ళ రంగుకు తిరిగాయి, దవాఖాన వాసన వేయసాగాయి. మరొకరైతే భయపడేవాళ్ళేమో. ఈ ఊరివాళ్ళకు ఆ వాసనే ధైర్యం ఇచ్చింది. సర్కారు దవాఖానకు పోతే పొద్దంతా కూర్చోబెట్టి ఆ వాసన తప్ప మరేమీ ఇవ్వరు. అలాంటిది దవాఖానే ఇంటి ముందుకు పారుకుంటూ వచ్చినట్టు అనిపించింది. పైగా ఒక రుజువు కూడా దొరికింది. ఎవరిదో బర్రె పిడుదులతో ఒళ్ళంతా పుండై ఉంటే వాగులో తోలారు. పిడుదులన్నీ రాలిపోయాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకు బర్రె కూడా పోయింది. కానీ అది ముసలిది, ఎలాగూ పోయేదే అన్నారు. పిడుదుల మాటే ఊరూరా పాకింది.

సముద్రం మేడమ్ వచ్చింది అప్పుడే. ఆ పేరు ఊరు పెట్టింది. కాకినాడ వైపు ఆమె. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి, మరికొందరితో కలిసి సముద్రం ఒడ్డున చిన్న సంఘం పెట్టుకుంది. జాలరుల వలల్లో చేపలతో పాటు వచ్చే మైకను లెక్కగట్టడం, ఒడ్డు ఏరి శుభ్రం చేయడం, కోసుకుపోయిన చోట చెట్లు నాటడం వాళ్ళ పని. ఎండలో నల్లబడిన మొహం, చేతిలో గాజు సీసాల సంచి. దుకాణం ముందు ఆరేసిన సంచుల్ని అంచులు పట్టుకొని చూసి బావను అడిగింది.

"ఏమండీ, వీటిని ఎక్కడ కడుగుతారండీ?"

"వాగుల, అమ్మా. ఇంకేడ కడుగుతం?"

"చిరిగినవి?"

బావ వాగు వైపు చెయ్యి చూపించాడు. ఆమె ఆ వైపే చూస్తూ దుకాణం అరుగు మీద కూర్చుండిపోయింది. నేను మంచినీళ్ళు తెచ్చిస్తే వాసన చూసి పక్కన పెట్టింది. ఇంటికొచ్చిన మనిషి నీళ్ళు ముట్టకపోతే మాకు ఎంత తలవంపులో ఆమెకు తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి పోబోతున్న నన్ను ఆమె పిలిచింది.

"అమ్మాయ్, ఆ పాపకు ఒంటి మీద ఏమిటది?"

ఉయ్యాలలో పిల్ల వీపు, తొడలు ఎర్రగా పొక్కి ఉన్నాయి. చెమటకాయలని అక్క అంటోంది. చలికాలంలో చెమటకాయలేమిటని నాకు అప్పటిదాకా తట్టలేదు. "నీళ్ళు ఎక్కడివి?" అని ఆమె అడిగింది, నేను చెప్పాను. ఒకసారి వాళ్ళ ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలును కోసి చూశారట. పొట్ట నిండా మైక ముక్కలు, పేగుల్లో ఇంకేమీ లేదు. సముద్రంలో చెత్త సముద్రంలో పుట్టదనీ, పైనుంచి వస్తుందనీ, ఆ పైన అనేది ఎక్కడుందో చూద్దామని ఏళ్ళ తరబడి ఏటి వెంట ఎదురు నడుస్తూ ఇక్కడిదాకా వచ్చామనీ చెప్పింది. "వచ్చాక చూస్తే ఇక్కడ తాబేలు కాదు, పాప ఉంది" అంది. మర్నాటి నుంచి నేను వాళ్ళ వెంట తిరగడం మొదలుపెట్టాను.

సంఘం అంటే పెద్దదేమీ అనుకోవద్దు. మేడమ్, పక్కూరు చిట్కుల్‌లో గది కిరాయికి తీసుకున్న ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు, నేను. వాగు వెంట నడిచి కంపలకు చిక్కుకున్న మైకను పీకి పోగుచేసేవాళ్ళం. సీసాల్లో నీళ్ళు పట్టేవాళ్ళం. ఒడ్డు కోసుకుపోకుండా, నీళ్ళు కొంతైనా తేటపడతాయని తుంగా వావిలీ తెచ్చి నాటాం. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవారు. "ఊరందరిది ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి" అని నన్ను దెప్పేవారు. వావిలి మొండిది, ఎక్కడ గుచ్చినా బతుకుతుందని అంటారు. మేము నాటిన వావిలి వారం తిరక్కుండానే ఆకు మాడి నిలువునా ఎండిపోయింది. పీకి చూస్తే వేళ్ళు ఉడికించినట్టు మెత్తగా ఉన్నాయి. మళ్ళీ తెచ్చి నాటాం. మళ్ళీ అంతే. నాటడం అయ్యాక ఇంటికొచ్చి పిల్ల వీపు చూస్తే నాకు ఆ వేళ్ళే కనపడేవి. చెలిమె నీళ్ళు కాకుండా ఉప్పు బావి నీళ్ళు పొయ్యమని అక్కను బతిమాలాను. "ఉప్పు నీళ్ళు పోస్తే పొక్కులు మండయా? నీకు పిల్లలున్నరా, ఏమెరుక?" అంది అక్క.

ఇక చదువు చెప్పడం సంగతి. బడి వరండాలో ఊరివాళ్ళను కూర్చోబెట్టి మేడమ్ నల్లబల్ల మీద గీసి చూపించింది. మన వాగు పోయి మంజీరలో కలుస్తుంది, మంజీర పోయి గోదావరిలో కలుస్తుంది, గోదావరి సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ పడేసింది అక్కడ తేలుతుంది. అందరూ చాలా శ్రద్ధగా విన్నారు. వెనక కూర్చున్న ఒక ముసలామె లేచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"అయితే మన వాగు గోదారమ్మనేనన్నట్టు! గిన్నొద్దులు ఎరుకలేకపాయె" అంది.

మేడమ్ మొహం చూడాల్సింది. ఆ వారం నుంచి వాగులో పసుపూ కుంకుమా, కొబ్బరి చిప్పలూ, గాజులూ వేయడం మొదలైంది. అవి కూడా ఊరికే వేయరు. మైక సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టి వదులుతారు. ఎందుకని అడిగితే, "సముద్రం దాక పోవాలె గదా బిడ్డా, నడుమల తడిస్తె ఎట్ల?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక, ఒడ్డున మేము పోగుచేసిన కుప్ప పక్కన నిలబడి ఆ సంచులు కొట్టుకొస్తాయని ఎదురు చూశాం. నాకు నవ్వే వచ్చింది. మేడమ్‌కు రాలేదు.

తర్వాతి వారం ఆమె గీతలు కట్టిపెట్టి సూటిగా చెప్పింది. "ఈ నీళ్ళు విషమండీ. పిల్లలకు పోయకండి" అంది. సాయంత్రానికి పటేల్ మా దుకాణం దగ్గరున్న మేడమ్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. ఊరి పెద్ద, నోరు చేసుకునే మనిషి కాదు. అరుగు మీద కూర్చొని నెమ్మదిగానే మాట్లాడాడు.

"అమ్మా, నువ్వు పెద్దింటి దానివి, సదువుకున్నదానివి. జెర ఆలోచన చెయ్యి. మా ఊరి పాలు రోజు పట్నం పోతున్నయి. కూరగాయలు పోతున్నయి. గీ ఊరి నీళ్ళు విషం అని ఒక్క మాట పట్నమోళ్ళ చెవిన పడ్డదనుకో, రేపటి సంది మా పాలు ఎవడు తీస్కుంటడు? చేన్లు సగం ఫ్యాక్టరీలకు పాయె. ఇగ గీ బర్రెలే మాకు దిక్కు. విషం అన్న మాట మా ఊళ్ళ ఎత్తొద్దు."

"మరి పిల్లల సంగతండీ?" అని మేడమ్ అడిగింది.

"పాలు అమ్ముడుపోకుంటె పిల్లలకేం పెడ్తరు?" అన్నాడు పటేల్. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చివరికి ఆయనే ఒక మెట్టు దిగాడు. డప్పు చాటింపు వేయించుకోవచ్చు, అయితే విషం అనొద్దు, నీళ్ళు చెడ్డవి అనొద్దు, ఉన్న సంగతి చెప్పి ఊరుకోవాలి. కాలేజీ కుర్రాళ్ళు సర్కారు నోటీసులు చదివి పెరిగినవాళ్ళు. వెంటనే రాసేశారు. 'వాగు నీటిలో ఫ్యాక్టరీ రసాయనాలు కలియుచున్నవి. స్నానము చేయువారు, త్రాగువారు గమనించగలరు.' ఏమి గమనించాలో అందులో లేదు. ఇంత బోడి చాటింపు దేనికని నేను గొణిగాను. ఇదీ లేకపోతే ఏదీ లేదని మేడమ్ అంది.

డప్పు కొట్టే తాతకు చదువు రాదు. నేను చదివి వినిపించాను. తాత శ్రద్ధగా విని, నోట్లో ఒకసారి తిప్పుకొని చూశాడు.

"రసం... ఏంది బిడ్డా? రసమా?"

"రసం కాదు తాతా, రసాయనాలు."

"అంటే ఏంది?"

ఒక కుర్రాడు అందుకున్నాడు. "అదే తాతా, ఫ్యాక్టరీల వాడతరు చూడు, మందులు."

"గట్ల చెప్పరాదుండ్రి మరి! గట్లయితె అందరికి సమజైతది" అని తాత డప్పు మంట మీద కాచుకొని బయల్దేరాడు.

మేము దుకాణం దగ్గర నిలబడి విన్నాం. ముసలాడైనా గొంతు గొప్పది. "వినుండ్రో... ఫ్యాక్టరీ మందు మన వాగు నీళ్ళల్ల కలుస్తున్నదహో... తానం జేసెటోళ్ళు, తాగెటోళ్ళు... ఎరుక పెట్టుకోండ్రహో..." ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు. రాసిందంతా చెప్పాడు. అర్థమయ్యేలా చెప్పాడు. మేడమ్ మొహం పాలిపోవడం చూసేదాకా ఏం జరిగిందో నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున వాగులో జాతర. మా ఊరివాళ్ళు సరే, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చారు. గజ్జి పిల్లలు, కీళ్ళనొప్పుల ముసలివాళ్ళు, ఊదు కాళ్ళవాళ్ళు, కుంటి ఎడ్లు. తల్లులు పిల్లల తలలు వంచి ముంచుతున్నారు. పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తున్నారు. ఇంటికి తీసుకుపోవడానికి కొందరు మందు సంచుల్లో నీళ్ళు నింపుకుంటున్నారు. మేము ఎన్ని నెలలు తిరిగినా పదిమంది వినలేదు. ఇవాళ డప్పు ఒక్క మాట చెబితే ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. నేను ఒడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఉరుకుతూ "బయటికి రండి, మంచి నీళ్ళు కావు" అని అరిచాను. "మీరే గదా మందన్నది?" అని నన్నే తిరిగి అడిగారు. మేడమ్ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్క తల్లినీ చేతులు పట్టుకొని బతిమాలుతోంది. ఆమె భాష వాళ్ళకు సగం అర్థం కావట్లేదు. ఈవిడెందుకు ఇంత పరేషాన్ అవుతోంది పాపం అన్నట్టు ఆమెను చూస్తున్నారు.

ఆ జనంలో మా అక్క కనపడింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని, కాళ్ళు చాపి ఇసుకలో కూర్చొని, పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంది. చెంబుతో వీపు మీద పోస్తోంది. పొక్కులు చితికి పచ్చిపుండ్లయి ఉన్నాయి. నీళ్ళు పడ్డప్పుడల్లా పిల్ల విల్లులా వంకర తిరిగిపోతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు రావట్లేదు. నేను చెంబు లాగేశాను.

"ఏందే నీ లొల్లి?" అని అక్క కసిరింది.

"మండుతున్నదే దానికి! కండ్లు లేవా నీకు?"

"మండుతది. మందు గదా, మండకుంటె మందెట్లయితది? ఇద్దర్ని పోగొట్టుకున్న. అప్పుడు మందు లేదు. ఇప్పుడు దేవుడు ఇంటి ముందుకు పంపిండు. నా పిల్లను నన్ను బతికించుకోనియ్యి" అంది.

ఆ మాటకు నేను ఏడ్చేశాను. కోపంతో ఏడ్చాను. చదువుకున్న ముగ్గురి మీద, పటేల్ మీద, గోడల వెనక కూర్చొని గొట్టం విప్పి వదిలేవాళ్ళ మీద, అన్ని అర్థాలకూ ఒకే మాట పెట్టుకున్న మా భాష మీద కోపం. అప్పుడు తట్టింది. ఆ భాషలోనే ఇంకో మాట ఉంది. ఆ ఊళ్ళో ఆ ఏడే ఒక పెళ్ళికాని కుర్రవాడు పురుగులకు కొట్టే డబ్బా ఎత్తి తాగి చనిపోయాడు. ఊరంతా 'మందు తాగి సచ్చిండు' అనే అన్నారు. అక్క కూడా అంది. పిల్లను చంకనేసుకొని పోయి చూసొచ్చింది కూడా.

"అక్కా" అన్నాను. "గిది గోలీల మందు కాదే. చేన్ల కొట్టే మందు. గా పోరడు తాగి సచ్చిండు సూడు, గా మందు."

నిజానికి అదీ ఇదీ ఒకటి కాదేమో. నాకు తెలియదు, అడిగే తీరిక లేదు. అక్క నా మొహంలోకి చూసింది. చెంబు కోసం చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ చేతిని తిప్పి అరచెయ్యి చూసుకుంది.

"రోజు పోసిన్నే. పొద్దుమాపు పోసిన. మంచిగైతదని నాలిక్కి సుత రాసిన."

పిల్లను నా చేతుల్లో పెట్టి, తను ఎత్తుకోనంది. ఇంటిదాకా వెనకాల నడిచింది. దారిలో ఎవరో "తానమైందా?" అని పలకరిస్తే తల ఊపింది. ఆమెకు ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందని నేను ఇప్పటికీ అనుకోను. చెప్పకపోతే పిల్ల పోయేది. చెప్పాక అక్క మునుపటి అక్క కాలేదు. రెండూ నిజమే, నేను ఏం చేసేది?

పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. పిల్ల చాలా రోజులు అరిటాకు మీదే పడుకుంది. ఒకరోజు ఆశ, ఒకరోజు అంతా అయిపోయిందనుకోవడం. అక్క వరండాలో గోడకు ఆనుకొని కూర్చునేది. పాలు పట్టడానికి తప్ప పిల్లను ముట్టేది కాదు. డాక్టరమ్మ నీళ్ళ సంగతి అడిగింది. చెబితే కలం పక్కన పెట్టి, "ఆ నీళ్ళు దీనికి మళ్ళీ తగలనివ్వకండి. తాగించినా, ఒంటి మీద పోసినా దాని ప్రాణానికే ముప్పు" అంది. పుండ్లు మానాయి. కొత్త చర్మం వచ్చింది. మా అమ్మ దవాఖాన మెట్ల మీదే కొబ్బరికాయ కొట్టింది.

పిల్లను తీసుకొని ఊరికి తిరిగి వెళ్ళాం. బావ మందు సంచులు అమ్మడం మానేశాడు. ఎదురు దుకాణంవాడు మొదలుపెట్టాడు. బావ రోజూ సైకిల్‌కు బిందెలు కట్టుకొని ఊరికి దూరంగా ఉన్న బావి నుంచి నీళ్ళు తెచ్చేవాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత పిల్ల తొడల మీద మళ్ళీ ఎర్రగా లేచింది. మేడమ్ ఆ బావి నీళ్ళు సీసాలో పట్టి, ఎండకు పెట్టి చూసి, నా వైపు తిప్పింది. అడుగున అదే ఇటుక రంగు. నేల కిందినుంచి వాగు అక్కడికి కూడా పోయింది.

మేడమ్ ఆ ఎండాకాలమే వెళ్ళిపోయింది. కుర్రాళ్ళకు పరీక్షలొచ్చాయి. ఆమె సీసాలు తీసుకొని ఎన్ని ఆఫీసులు తిరిగిందో, ఎన్ని బల్లల ముందు నిలబడిందో నాకు తెలుసు, కొన్నిటికి నేనూ వెళ్ళాను. అందరూ మర్యాదగా కూర్చోబెట్టి, చాయ్ తాగించి పంపారు. బస్సు దగ్గర ఆమె నాతో అంది. "అమ్మాయ్, మా ఒడ్డున ఎంత ఏరినా తెల్లారేసరికి అలలు మళ్ళీ తెచ్చి పోస్తాయి. పైన ఆపితే ఆగుతుందని ఇంత దూరం వచ్చాను. పైన కూడా ఇంతే." ధైర్యం చెప్పాల్సిన మనిషి ఆమె. నేనే ఆమె సంచి పట్టుకొని సీటు దాకా పోయి కూర్చోబెట్టాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరం దీపం పెట్టలేదు. బావ గుమ్మంలో కూర్చున్నాడు.

"దుకాణం ఎత్తుకొని ఏడికి పోవాలె? నాకు ఇంకో ఊళ్ళ ఎవరెరుక? ఉద్దెర ఇచ్చెటోడు లేడు, మాలు ఇచ్చెటోడు లేడు" అన్నాడు. అతను చెడ్డవాడు కాడు. వెతికాడు, రెండు మూడు చోట్ల అడిగాడు, కాలేదు.

అక్క లోపలి నుంచి పిల్ల గుడ్డలు మూట కట్టుకొని వచ్చి నా ముందు పెట్టింది. పిల్లకు అప్పటికి పాలు మాన్పించింది. నాకు తెలియకుండా వారం నుంచి మాన్పిస్తూ ఉందన్నమాట.

"నువ్వు తీస్కపో" అంది. "ఆడ నల్లా తిప్పితె మంచినీళ్ళొస్తయి. అమ్మ సూస్తది, నువ్వు సూస్తవు. నేను మొగన్ని ఇడిసిపెట్టి రాలేను. దాన్ని ఈడ ఉంచుకోలేను."

"అక్కా, పిల్ల లేకుంట నువ్వెట్లుంటవు?"

"బతికున్నదని ఉంట" అంది.

సంగారెడ్డిలో పిల్ల మునగచెట్టులా ఏపుగా పెరిగింది. ఒంటి మీద మచ్చలు పోయాయి, జుట్టు నల్లగా వచ్చింది. నడిచింది, మాటలు నేర్చింది. రాత్రుళ్ళు నా పక్కనే, తిండి నా చేతితోనే. నన్ను 'అమ్మ' అని పిలిచిన మొదటిరోజు నేను దాని నోరు మూశాను. 'పిన్ని' అని నేర్పాను. అది రెండు పూటలు అని, మూడో పూట మళ్ళీ అమ్మే అంది. మా అమ్మ వంటింట్లోంచి చూసి లోపలికి పోయింది. అక్క ముందు అలా పిలవకుండా దాన్ని నానా తిప్పలు పెట్టేదాన్ని. బెల్లం ముక్క ఆశ చూపేదాన్ని.

అక్క సంత రోజున బస్సు దిగి వచ్చేది. ప్రతిసారీ మనిషి ఇంకాస్త చిక్కి వచ్చేది. చేతివేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఉండేది. పిల్లను దగ్గరికి తీసుకోబోతే అది నా వెనక దాక్కునేది. అక్క బలవంతం చేసేది కాదు. మా ఇంట్లో తను పుట్టి పెరిగిన గదిలో, చుట్టపుచూపుగా వచ్చిన దానిలా గోడవారగా కూర్చొని పిల్ల ఆడుకోవడం చూసేది.

ఒక సంత రోజున నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. అక్క వచ్చిన అలికిడి నాకు వినపడలేదు. పిల్ల ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకొని గుంజింది. వెనక గుమ్మంలో అక్క నిలబడి ఉంది, చేతిలో పిల్లకు తెచ్చిన పేలాల పొట్లం.

"అమ్మా, అమ్మా! గామె మల్ల వచ్చింది" అంది పిల్ల.

నేను దాని నోరు మూయబోయాను. అక్క మాత్రం గడప దగ్గరే కూర్చొని, పొట్లం పిల్లకు అందేలా నేల మీద పెట్టి నవ్వింది.

"అవును బిడ్డా, వచ్చిన" అంది. "జెరసేపు కూసొని పోత."